కంట్లో ఈ తేటదనం ఎక్కడిది?

కంటి బయోకెమిస్ట్రీ అనగానే పాఠాలన్నీ నేరుగా కంటి వెనక కాంతిని పట్టే పొర, రెటీనా, దగ్గరికి వెళ్లిపోతాయి. విటమిన్ ఏ, రొడాప్సిన్, రేచీకటి... అక్కడితో అధ్యాయం అయిపోతుంది. పరీక్షల్లో అడిగేదీ అదే. నేను మాత్రం క్లాసులో కంటి ముందుభాగం నుంచే మొదలుపెడతాను. పీహెచ్‌డీ చేసేటప్పుడు లెన్స్ ప్రొటీన్ల మీద పనిచేశాను కాబట్టి ఆ పక్షపాతం కొంత ఉంది. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. మన ఒంట్లో ఏ కణజాలం చూసినా కాంతిని చెల్లాచెదురు చేసేదే. టార్చిలైటు మీద వేలు పెడితే ఎర్రటి వెలుగు కనిపిస్తుంది తప్ప లోపలి బల్బు ఆకారం కనిపించదు. చర్మంలో, ఎముకలో, కండలో ఉన్న కొల్లాజెన్ అనే నార ప్రొటీన్, ఇతర ప్రొటీన్లు, కొవ్వులు, నీళ్లే కంట్లోనూ ఉన్నాయి. అక్కడ మాత్రం వాటిలోంచి కాంతి వంకర పోకుండా దాటుతుంది. ఇదెలా కుదిరింది అన్న ప్రశ్న నన్ను ఇన్నేళ్లయినా వదల్లేదు.

ముందు కార్నియా, అంటే నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే ముందుపొర సంగతి. మధ్యలో దాని మందం అర మిల్లీమీటరు పైచిలుకు. అందులో పదింట తొమ్మిది వంతులు స్ట్రోమా అనే పొర. స్ట్రోమా అంటే ప్రధానంగా టైప్ 1 కొల్లాజెన్ పోగులు. దాన్ని ఆనుకుని ఉన్న తెల్లగుడ్డు కూడా టైప్ 1 కొల్లాజెనే. ఒకే సరుకుతో ఒకటి తేటగా, ఒకటి తెల్లగా తయారైంది. తేడా అంతా అమరికలో ఉంది. తెల్లగుడ్డులో లావు పోగులు, సన్న పోగులు కలగలిసి ఎటు పడితే అటు అల్లుకుని ఉంటాయి. కార్నియాలో ప్రతి పోగూ దాదాపు ఒకే మందం, 30 నానోమీటర్లకు కాస్త అటూ ఇటూగా. పోగుకీ పోగుకీ మధ్య ఎడం కూడా దాదాపు ఒకటే. పోగు లావెక్కకుండా చూసేది టైప్ 5 కొల్లాజెన్. ఎడం చెడకుండా చూసేవి లూమికాన్, కెరటోకాన్, డెకోరిన్ లాంటి ప్రోటియోగ్లైకాన్లు, అంటే చక్కెర గొలుసులు తగిలించుకున్న ప్రొటీన్లు.

1957లో డేవిడ్ మారిస్ ఈ అమరికతోనే కార్నియా తేటదనాన్ని వివరించాడు. ఒక్కో పోగూ కాంతిని కొద్దిగా చెదరగొడుతుంది. పోగులు క్రమంగా ఉన్నప్పుడు ఆ చెదిరిన తరంగాలు పక్కదారుల్లో ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ముందుకు పోయే కాంతి మిగులుతుంది. తర్వాత జార్జ్ బెనెడెక్, ఆయన సహచరులు దీన్ని ఇంకాస్త సవరించారు. స్ఫటికంలో ఉన్నంత కచ్చితమైన క్రమం అక్కర్లేదు, పక్కపక్కన ఉన్నవాటి మధ్య క్రమం ఉంటే చాలు, ఎందుకంటే ఆ దూరాలు కాంతి తరంగదైర్ఘ్యం కంటే చాలా చిన్నవి అని చూపించారు. ఈ బెనెడెక్ పేరు గుర్తుంచుకోండి, లెన్స్ దగ్గర మళ్లీ వస్తుంది.

ఆ ఎడం నిలబడాలంటే నీళ్లు అదుపులో ఉండాలి. కార్నియా బరువులో 78 శాతం దాకా నీళ్లే. ప్రోటియోగ్లైకాన్ల మీద ఉండే కెరటాన్ సల్ఫేట్ గొలుసులకు రుణావేశం ఎక్కువ. అవి ఇంకా ఇంకా నీళ్లు లాక్కుంటూనే ఉంటాయి. ల్యాబ్‌లో కార్నియాను కోసి మామూలు నీళ్లలో వేస్తే కాసేపటికి ఉబ్బి తెల్లబడటం కళ్లారా చూడొచ్చు. బతికున్న కంట్లో అలా జరగకుండా ఆపేది లోపలి వైపున్న ఒకే ఒక్క వరస కణాలు, ఎండోథీలియం. సోడియం-పొటాషియం ఏటీపేజ్ పంపులు, బైకార్బొనేట్ రవాణా, వీటితో అవి స్ట్రోమాలోంచి నీటిని రాత్రీ పగలూ బయటికి తోడుతుంటాయి. యువకుల్లో ఈ కణాలు చదరపు మిల్లీమీటరుకు 3,000 దాకా ఉంటాయి. మనుషుల్లో ఇవి విభజన చెందవు. ఒకటి పోతే పక్కది సాగి ఆ చోటు కప్పుతుంది, అంతే. దానం చేసిన కార్నియా పనికొస్తుందా లేదా తేల్చేటప్పుడు ఐ బ్యాంకులో ఈ కణాల లెక్క చూసేది అందుకే.

ఈ ఎండోథీలియం కణాలు క్రమంగా దెబ్బతినే జబ్బు, ఫుక్స్ డిస్ట్రఫీ, ఉన్నవాళ్లకు నిద్ర లేవగానే చూపు మసగ్గా ఉండి, పూట గడిచేకొద్దీ తేలికపడుతుంది. విద్యార్థులకు నేను ఈ ఉదాహరణ తప్పకుండా చెబుతాను, ఎందుకంటే పంపు పని మొత్తం ఇందులో కనిపిస్తుంది. రాత్రంతా రెప్పలు మూసి ఉంటే కార్నియా పైనుంచి నీరు ఆవిరి కాదు. పంపులు బలహీనంగా ఉన్న కార్నియా ఉబ్బుతుంది. కళ్లు తెరిచాక ఆవిరి తోడై పంపుకు సాయం అందుతుంది.

కార్నియాకు రక్తనాళాలు లేవు. ఉంటే అడ్డం. రక్తనాళాలు పెరగమని పిలిచే వీఈజీఎఫ్ అనే ప్రొటీన్ కార్నియాలోనూ ఉంటుంది. దాన్ని పట్టి కట్టేసే ఇంకో ప్రొటీన్‌ను కార్నియా తానే తయారుచేసుకుంటుంది. ఆక్సిజన్ ప్రధానంగా గాలి నుంచి, కన్నీటి పొరలో కరిగి వస్తుంది. గ్లూకోజ్ వెనక ఉన్న ఆక్వియస్ ద్రవం నుంచి వస్తుంది. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని నిద్రపోవద్దని డాక్టర్లు అన్నిసార్లు చెప్పడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ఆక్సిజన్ చాలకపోతే కణాలు గ్లూకోజ్‌ను లాక్టేట్ దగ్గరే ఆపేస్తాయి. ఆ లాక్టేట్ స్ట్రోమాలో పేరుకుని నీటిని లాగుతుంది. ఇన్‌ఫెక్షన్ ప్రమాదం దీనికి అదనం.

కన్నీటి గురించి ఒక్క మాట. అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పేరు పెన్సిలిన్‌తో ముడిపడిపోయింది కానీ, అంతకు ముందే 1922లో ఆయన లైసోజైమ్ గురించి రాశాడు. బాక్టీరియా గోడను కోసే ఎంజైమ్ అది. కన్నీళ్లలో సమృద్ధిగా ఉంటుంది. కన్నీళ్లంటే ఉప్పునీళ్లు అనుకునేవాళ్లకు నేను ముందు ఇదే చెబుతాను.

ఇక కంటిపాప వెనక ఉండే లెన్స్. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

లెన్స్ బరువులో మూడో వంతు, అంతకన్నా కాస్త ఎక్కువే, ప్రొటీన్. మామూలు కణాల్లో ఇంత చిక్కదనం ఉండదు. ఆ ప్రొటీన్‌లో 90 శాతం దాకా క్రిస్టలిన్లు: ఆల్ఫా, బీటా, గామా. మా ల్యాబ్‌లో దూడ లెన్సులను బఫర్‌లో మెత్తగా చేసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేరిన ద్రవాన్ని అణువులను సైజును బట్టి విడదీసే జెల్ ఫిల్ట్రేషన్ కాలమ్‌లో పోసేవాళ్లం. ముందు ఆల్ఫా దిగుతుంది, అది చాలా పెద్దది, డజన్ల కొద్దీ ఉపభాగాలు చేరిన గుంపు. తర్వాత బీటా. అన్నిటికంటే చివర చిన్నది గామా. చార్టు మీద ఆ శిఖరాలు వరసగా లేవడం చూస్తూ అర్ధరాత్రి దాకా కోల్డ్ రూమ్‌కీ బెంచీకీ మధ్య తిరగడం నాకెప్పుడూ విసుగనిపించలేదు.

ఇంత చిక్కటి ప్రొటీన్ ద్రావణం పాలలా ఉండాలి కదా? ఎందుకు లేదు? 1983లో డెలే, టార్డ్యూ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీనికి జవాబిచ్చారు. పలచని ద్రావణంలో క్రిస్టలిన్ పాళ్లు పెంచుతూ పోతే మొదట మసక పెరుగుతుంది. ఒక దశ దాటాక తగ్గడం మొదలవుతుంది. అణువులు బాగా ఇరుకుపడినప్పుడు ఒక్కొక్కటీ తన పక్కదాని నుంచి ఇంత దూరంలోనే ఉండాల్సి వస్తుంది. కార్నియాలో కొల్లాజెన్ పోగుల మధ్య చూసిన క్రమమే ఇక్కడ ప్రొటీన్ అణువుల మధ్య ఇరుకు వల్ల ఏర్పడుతుంది. చిక్కబడటం వల్ల తేటపడటం! నేను చదివిన బయోకెమిస్ట్రీ మొత్తంలో ఇంత అందమైన ఫలితం ఇంకొకటి తగల్లేదు.

ఆ క్రమం ఎంత సున్నితమైనదో చూడాలంటే లేత దూడ లెన్స్‌ను మంచులో పెట్టాలి. కొద్ది నిమిషాల్లో మధ్యభాగం తెల్లగా మూసుకుపోతుంది. అచ్చం శుక్లంలాగే. బయటికి తీసి వెచ్చబెడితే మళ్లీ తేటపడుతుంది. దీన్ని కోల్డ్ క్యాటరాక్ట్ అంటారు. చల్లదనానికి గామా క్రిస్టలిన్లు ఒకదానివైపు ఒకటి లాగబడి, ప్రొటీన్ ఎక్కువున్న చుక్కలుగా, తక్కువున్న చుక్కలుగా విడిపోతాయి. కాంతి ఆ చుక్కల అంచుల దగ్గర చెదురుతుంది. బెనెడెక్, టోయోయిచి తనాకా ఈ విడిపోవడాన్ని వివరంగా అధ్యయనం చేశారు. కొత్తగా ల్యాబ్‌లో చేరినవాళ్లకు మేం ముందు చూపించేది ఇదే. ఒక్క అణువు కూడా చెడిపోలేదు, ఒక్క బంధం తెగలేదు, అయినా చూపు పోయింది, మళ్లీ వచ్చింది. ముసలితనపు శుక్లం వేరు. అక్కడ అణువులే మారిపోతాయి, వేడి చేసినా వెనక్కి రావు.

అణువులు మారిపోవడానికి మూలం లెన్స్ పెరిగే తీరులో ఉంది. లెన్స్ ముందువైపు ఉండే ఒక వరస కణాలు అంచుల దగ్గర పొడవుగా సాగి నారకణాలవుతాయి. అలా సాగేటప్పుడు అవి తమ కేంద్రకాన్ని, మైటోకాండ్రియాను, ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌ను పూర్తిగా కరిగించేసుకుంటాయి. అవన్నీ కాంతికి అడ్డమే కాబట్టి. ఈ కరిగించే పని ప్లాట్ అనే ఫాస్ఫోలైపేజ్ ఎంజైముల వల్ల జరుగుతుందని 2021లో జపాన్ పరిశోధకులు తేల్చారు. కేంద్రకం పోయాక కొత్త ప్రొటీన్ తయారవదు. పాతది తీసేసి కొత్తది పెట్టే వీలు లేదు. కొత్త నారకణాలు జీవితాంతం బయటివైపు చేరుతూనే ఉంటాయి, పాతవి లోపలే ఉండిపోతాయి. లెన్స్ నడిబొడ్డున ఉన్న ప్రొటీన్ మనం తల్లి కడుపులో ఉన్నప్పుడు తయారైంది. ఎనభై ఏళ్ల మనిషి కంట్లోనూ అదే అణువు.

2016లో గ్రీన్‌లాండ్ షార్క్ వయసు లెక్కగట్టింది ఈ ఆధారంతోనే. లెన్స్ మధ్యలోని ప్రొటీన్‌లో రేడియోకార్బన్ కొలిచి, పరీక్షించిన వాటిలో అతి పెద్ద షార్క్‌కు కనీసం 272 ఏళ్లు ఉంటాయని చెప్పారు. అన్నేళ్లు కదలకుండా ఉన్న ప్రొటీన్ దొరికేది అక్కడే మరి.

ఇన్నేళ్లలో అణువుకు ఏమవుతుంది? ప్రొటీన్‌లోని ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లం తన అమైడ్‌ను పోగొట్టుకుని ఆస్పార్టేట్ అవుతుంది. ఆస్పార్టేట్ ఎల్ రూపం నుంచి మెల్లగా దాని అద్దపు ప్రతిబింబం లాంటి డి రూపంలోకి తిరుగుతుంది. చక్కెరలు, విటమిన్ సి విచ్ఛిన్నమైనప్పుడు వచ్చే పదార్థాలు లైసిన్లకు అతుక్కుని పసుపు, గోధుమ రంగులు తెస్తాయి. సిస్టీన్లు ఆక్సీకరణం చెంది ఒకదానికొకటి ముడిపడతాయి. మడత సడలిన అణువులు ముద్దలు కడతాయి. మూడు పదులు దాటని మనిషి లెన్స్ ప్రొటీన్ చాలావరకు బఫర్‌లో కరుగుతుంది. ముదిరిన శుక్లంలోని ప్రొటీన్‌ను కరిగించాలంటే యూరియా కావాలి, కొన్నిసార్లు అదీ చాలదు.

ఈ ముద్ద కట్టడాన్ని ఆలస్యం చేసేది ఆల్ఫా క్రిస్టలిన్. చాలాకాలం దాన్ని ఊరికే చోటు నింపే ప్రొటీన్ అనుకున్నారు. 1992లో జోసెఫ్ హోర్విట్జ్ అది షాపరోన్ అని చూపించాడు, అంటే మడత విప్పుకుంటున్న ఇతర ప్రొటీన్లను పట్టుకుని ముద్దకాకుండా ఆపేది. దీన్ని చూడటానికి తేలికైన ప్రయోగం ఇన్సులిన్‌తో చేస్తారు. రెండు క్యూవెట్లలో, అంటే కాంతి దాటే చిన్న పాత్రల్లో, ఇన్సులిన్ పోసి, దాని రెండు గొలుసులను కలిపే డైసల్ఫైడ్ బంధాలు తెగేలా డీటీటీ అనే రసాయనం కలపాలి. విడిపోయిన బి గొలుసులు ఒకదాన్నొకటి అంటుకుని ఒక క్యూవెట్ చూస్తుండగానే తెల్లబడుతుంది. రెండో దాంట్లో ముందే తగినంత ఆల్ఫా క్రిస్టలిన్ వేసి ఉంచితే అది తేటగానే ఉంటుంది. స్పెక్ట్రోఫొటోమీటర్ గీసే రెండు గీతలను నా విద్యార్థులు ఎన్నిసార్లు చూసినా మళ్లీ చేద్దామంటారు. నాకూ అంతే.

చిక్కేమిటంటే ఆల్ఫా క్రిస్టలిన్ సడలిన ప్రొటీన్‌ను పట్టుకుంటుందే కానీ మళ్లీ మడతపెట్టి వదలదు. లెన్స్ మధ్యలో కొత్త ఆల్ఫా తయారవదు. ఉన్న నిల్వ ఖర్చవుతూ పోతుంది. నడివయసు దాటేసరికి లెన్స్ నడిభాగంలో విడిగా ఉన్న ఆల్ఫా దాదాపు మిగలదు. ఆ ప్రాయంలోనే లెన్స్ గట్టిపడి దగ్గరివి చదవడానికి అద్దాలు కావాల్సి రావడం కాకతాళీయం అని నేననుకోను.

రెండో రక్షణ గ్లూటాథయోన్, ఆక్సీకరణను అడ్డుకునే చిన్న అణువు. బయటి పొరల్లోని బతుకున్న కణాలు దీన్ని తయారుచేసి కణాల మధ్య ఉండే సన్నటి దారుల గుండా లోపలికి పంపుతాయి. వయసుతో ఆ రవాణా మందగిస్తుంది. లోపల ఆక్సిజన్ తక్కువగా ఉండటం కూడా ఒక రక్షణే. ఇక్కడ వెనక ఉన్న విట్రియస్ జెల్ సాయం చేస్తుంది. 98 శాతానికి పైగా నీరు, కొద్దిపాటి టైప్ 2 కొల్లాజెన్, హయలురొనాన్ అనే పొడవాటి చక్కెర గొలుసు, ఇంతే ఆ జెల్. హయలురొనాన్‌ను 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ మొదట వేరుచేసింది ఎద్దు కంటి విట్రియస్ నుంచే. ఆ జెల్‌లో విటమిన్ సి ఎక్కువ. రెటీనా వైపు నుంచి వచ్చే ఆక్సిజన్‌ను అది లెన్స్ దాకా చేరకముందే ఖర్చు చేస్తుంది. రెటీనా ఆపరేషన్ కోసం విట్రియస్ తీసేసిన పెద్దవాళ్లకు ఒకటి రెండేళ్లలోనే శుక్లం రావడం చాలా మామూలు. ఎక్కువకాలం అధిక పీడనంతో ఆక్సిజన్ చికిత్స తీసుకున్నవాళ్లలోనూ శుక్లాలు వచ్చాయి. రెండూ కలిపి చూస్తే ఆక్సిజన్ పాత్ర మీద అనుమానం మిగలదు.

షుగర్ దారి వేరు. లెన్స్‌లోకి గ్లూకోజ్ వెళ్లడానికి ఇన్సులిన్ అక్కర్లేదు. రక్తంలో ఎంత పెరిగితే లోపలా అంత పెరుగుతుంది. ఆల్డోజ్ రిడక్టేజ్ అనే ఎంజైమ్ దాన్ని సార్బిటాల్‌గా మారుస్తుంది. సార్బిటాల్ పొర దాటి బయటికి రాలేదు, నీటిని లాగుతుంది. పైగా ఈ చర్యలో ఎన్ఏడీపీహెచ్ ఖర్చవుతుంది. గ్లూటాథయోన్‌ను మళ్లీ పనికొచ్చే రూపంలోకి తేవడానికి కావాల్సిందీ అదే. షుగర్ బాగా హెచ్చుతగ్గులయ్యేటప్పుడు అద్దాల పవర్ మారినట్టు అనిపించడం చాలామందికి అనుభవం. అందుకే షుగర్ అదుపులోకి వచ్చి కొన్ని వారాలు నిలకడగా ఉన్నాకే కొత్త అద్దాలు రాయించుకోమంటారు. గెలాక్టోసీమియాతో పుట్టిన పిల్లల్లో గెలాక్టిటాల్ ఇలాగే పేరుకుంటుంది. తొలిరోజుల్లోనే కనిపెట్టి పాలు మాన్పిస్తే ఆ మసక చాలావరకు వెనక్కి తగ్గుతుంది కూడా.

రెటీనా గురించి క్లుప్తంగా చెబుతాను. లెన్స్ నుంచి రెండు సెంటీమీటర్లు కూడా లేని దూరంలో దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి నడుస్తుంది. లెన్స్ నడిబొడ్డున పాతది తీసి కొత్తది పెట్టడం అసలు ఉండదు. ఇక్కడ మసక వెలుగులో చూపునిచ్చే రాడ్ కణాలు తమ బయటి భాగాన్ని దాదాపు పది రోజులకోసారి మొత్తం కొత్తగా కట్టుకుంటాయి. పాత ముక్కలను వెనక ఉన్న పిగ్మెంట్ ఎపిథీలియం కణాలు మింగుతాయి. ఆ మింగిన దాంట్లోని డీహెచ్ఏ కొవ్వు ఆమ్లాన్ని తిరిగి రాడ్ కణాలకే అందిస్తాయి. కాంతి పడితే జరిగేది ఒక్కటే: విటమిన్ ఏ నుంచి తయారయ్యే 11-సిస్ రెటినల్‌లో ఒక డబుల్ బాండ్ తిరుగుతుంది. అందుకు పట్టే కాలం దాదాపు 200 ఫెమ్టోసెకన్లు. విటమిన్ ఏ పాత్రను రెటీనాలో కనిపెట్టిన జార్జ్ వాల్డ్‌కు 1967లో నోబెల్ వచ్చింది. తిరిగిన రెటినల్‌ను మళ్లీ సిస్ రూపంలోకి తేవడానికి కావాల్సిన ఆర్పీఈ65 ఎంజైమ్ జన్యువు చెడిపోయిన పిల్లలకు 2017లో అమెరికాలో జన్యుచికిత్స అనుమతి పొందింది. వాల్డ్ నాటి విటమిన్ కథ అక్కడిదాకా వెళ్లింది.

శుక్లాన్ని కరిగించే చుక్కల మందు ఉందట కదా అని నన్ను తరచూ అడుగుతారు. 2015లో లానోస్టెరాల్ అనే పదార్థం కుక్కల్లో శుక్లాన్ని తగ్గించిందని నేచర్ పత్రికలో వచ్చింది, అప్పటి నుంచి ఈ ప్రశ్న ఎక్కువైంది. ఆ తర్వాత మనిషి కంటి నుంచి తీసిన శుక్లాల మీద ఇతరులు చేసిన పరీక్షల్లో అది పనిచేయలేదు. పైన చెప్పిన మార్పులు చూస్తే నాకు ఆశ్చర్యం కలగదు. అతుక్కున్న చక్కెరలు, తిరిగిపోయిన ఆస్పార్టేట్లు, ముడిపడిన గొలుసులు ఒక చుక్క మందుతో పాత స్థితికి రావాలంటే ఎన్ని వేర్వేరు రసాయన చర్యలు వెనక్కి తిరగాలి! ప్రకటనలు నమ్మి చుక్కలు వేసుకుంటూ ఆపరేషన్ వాయిదా వేస్తే లెన్స్ ఇంకా గట్టిపడి తీయడం కష్టమవుతుంది. ఇది చెప్పడానికి నేను మొహమాటపడను.

ఆపరేషన్‌లో పెట్టే కృత్రిమ లెన్స్ చాలావరకు యాక్రిలిక్ పాలిమర్. 1949లో హెరాల్డ్ రిడ్లీ మొదటిది అమర్చాడు. యుద్ధంలో విమానాల కిటికీ పగిలి పైలట్ల కళ్లలో గుచ్చుకున్న యాక్రిలిక్ ముక్కలను కన్ను ఎదిరించకపోవడం ఆయనకు ఆలోచన ఇచ్చింది. ఇప్పటి లెన్సుల పాలిమర్‌లో అతినీలలోహిత కిరణాలను పీల్చుకునే పదార్థం కలుపుతారు. మన సొంత లెన్స్‌లో ఆ పని ట్రిప్టోఫాన్ నుంచి తయారయ్యే కైన్యురెనిన్ రకం అణువులది. కృత్రిమ లెన్స్ లేకుండా శుక్లం మాత్రమే తీయించుకున్న పాతకాలం రోగులు కొందరు అతినీలలోహితానికి దగ్గరి కాంతిని నీలి తెలుపు ఛాయగా చూడగలిగేవారు. ఆ కిరణాలు రెటీనా దాకా రావడం మంచిది కాదు కాబట్టి, తీసేసిన కైన్యురెనిన్ వంతు పని పాలిమర్‌కు అప్పగించారు.